గోడ ఒప్పుకోని పాయింటు

సంతాపసభలో నాకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ముందుగా ఇది రాసిపెడుతున్నాను. రేపు అడిగితే ఆ సభ చేసినవాళ్ళు, "మీరు చెయ్యెత్తితే కదా" అంటారు. నేను చెయ్యెత్తాను. రెండుసార్లు ఎత్తాను. రెండోసారి ఎత్తిన చేతిని దించకుండా వందన సమర్పణ అయిపోయేదాకా నిలబడ్డాను. పక్కన కూర్చున్నాయన, "ఏమప్పా, రెక్క పట్టుకున్యాదా?" అని అడిగాడు. అంతకుమించి ఆ సభలో నన్ను పలకరించినవాళ్ళు లేరు.

మాట్లాడినవాళ్ళు ఐదుగురు. ఒకాయన, చనిపోయిన మనిషి బిలియర్డ్స్ ఆటలో దిట్ట అన్నాడు. ఇంకొకాయన, ఆయన బౌలింగుకు లండన్ దొరలు గడగడా వణికారన్నాడు. మూడో ఆయన తన కూతురి పెళ్ళికి ఏ ఏ అధికారులు వచ్చారో చెప్పి కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ కొత్తగా వచ్చిన స్వరాజ్యం గురించి మాట్లాడారు. ఐదుగురిలో ఒక్కరైనా ఆయన బ్యాటు పట్టుకోగా చూసినవాళ్ళు కారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా చూశాను. ఈ భూమ్మీద ఆయన చేతిలో నా అన్నిసార్లు ఓడిపోయిన మనిషి ఇంకొకడు లేడు. మాట్లాడే హక్కు నాకు కాక ఎవరికి ఉంది?

అందుకే రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "రైటరప్పా" అనేవాడు. నాకొక పేరుందని, అది మా అమ్మానాన్న ఆలోచించి పెట్టిందని చాలాసార్లు చెప్పాను. "ఉండనీలేప్పా, యాడికి పోతాది" అనేవాడు. కాబట్టి నేనూ ఆయన్ని మార్కరు అనే రాస్తాను. చెల్లుకు చెల్లు.

కర్నూల్లో తుంగభద్ర గట్టు మీది దొరల క్లబ్బులో ఆయన స్క్వాష్ మార్కరు. నేను అదే క్లబ్బులో గుమాస్తాను. ఏ దొర ఏ గంటకు ఆడతాడో రిజిస్టరులో రాయడం నా పని. కోర్టు తలుపు తెరవడం, పాయింట్లు అరిచి చెప్పడం, జోడీ దొరకని దొరతో ఆడడం ఆయన పని.

ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నాలుగు గోడలు, ఇద్దరు మనుషులు, ఒక నల్ల రబ్బరు బంతి. ఇద్దరూ ఒకే వైపు తిరిగి, వంతులవారీగా బంతిని ఎదురు గోడకు కొట్టాలి. గోడ అడుగున ఒక రేకు ఉంటుంది. బంతి దానికి తగిలి టంగుమంటే కొట్టినవాడు పోయినట్టు. తొమ్మిది పాయింట్లు ఎవరికి ముందు వస్తే ఆట వాళ్ళది. ఒక మెలిక ఉంది. బంతి మొదలుపెట్టినవాడికే పాయింటు వస్తుంది. అవతలివాడు గెలిస్తే వాడికి వంతు మాత్రమే వస్తుంది. ఊళ్ళో దీన్ని గోడబంతి అనేవాళ్ళు. మా మేనత్త ఒకసారి చూసి, "ఇద్దరు మగోళ్ళు కొట్లాడుకోను భయపడి గోడను కొడతాండారు" అంది.

మార్కరు ఎమ్మిగనూరు దగ్గర నేతపనివాళ్ళ ఇంట పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పెరిగిన మనిషి. అందుకేనేమో, కోర్టులో కూడా నిలబడేవాడు కాదు. మోకాళ్ళు వంచి, సగం కూర్చుని ఆడేవాడు. కోర్టు నడిమధ్య ఆయన నిలిచే చోటును గుంట అనేవాడు. "గుంటలో ఉండల్లప్పా. గుంట ఇడిస్తే బతుకు పాయె" అని నాకు రోజూ చెప్పేవాడు. నేను గుంటలోకి పోదామంటే ఆయన అక్కడ ఉండేవాడు. ఇది నా మొదటి ఫిర్యాదు. మేము ఆడిన పదకొండేళ్ళలో ఆ గుంటలో నేను నిలబడ్డ కాలమంతా కలిపితే ఒక బీడీ కాల్చే సేపు ఉండదు.

బంతిని ఆయన మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెతో పోల్చేవాడు. "నాడె పోవల్ల, రావల్ల. పోవల్ల, రావల్ల. నువ్వేందప్పా, పొయ్యేదే చూస్తాండావు, వచ్చేదానికి తయారు కావు" అనేవాడు. ఆట మొదలయ్యే ముందు బంతిని చంకలో పెట్టుకుని వెచ్చజేసేవాడు. కర్నూలు ఎండకు అసలే మేకపిల్లలాగా గెంతే బంతిని ఇంకా ఎందుకు వెచ్చజేయాలని అడిగాను. "నీ కోసమప్పా. నీ దెబ్బకు బంతి నిద్రపోతాది" అన్నాడు. ఈ మాట ఇద్దరు వంటవాళ్ళ ముందు అన్నాడు. వాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఒకడు ఇంకా బతికే ఉన్నాడు, కావాలంటే అడగండి.

ఇప్పుడు గూడు సంగతి చెప్పాలి. గూడు తెలియకపోతే ఈ మనిషీ తెలియడు, నాకు జరిగిన అన్యాయమూ తెలియదు.

మా కోర్టును కట్టింది కడప నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. స్క్వాష్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. దొర కాగితం మీద నాలుగు గోడలు గీసి ఇచ్చి, శిస్తు లెక్కల జమాబందీ కోసం ఊళ్ళమీదికి వెళ్ళిపోయాడు. మేస్త్రీ నేలకు నల్లటి కడప బండలు పరిచాడు. గోడలకు గార బ్రహ్మాండంగా పూశాడు. అంతా అయ్యాక, ఎడమ గోడకు, నిలువెత్తు మనిషి చెయ్యి చాపినా అందనంత ఎత్తులో, చక్కటి కమానుతో ఒక దీపం గూడు పెట్టాడు. దొర తిరిగి వచ్చి చూసి ఎగిరిపడ్డాడు. మేస్త్రీకి ఆ కోపం ఎందుకో అర్థం కాలేదు. "గోడ అన్యాక గూడు ల్యాకుండా ఎట్ల దొరా? రేప్పొద్దున దీపం యాడ పెడతారు, నెత్తిమీదా?" అన్నాడు. అంత ఎత్తున పెట్టావేమిరా అంటే, దొరలు పొడుగు మనుషులు కదా అన్నాడు.

గూడును మూడుసార్లు మూయించారు. పాత గారకు కొత్త గార పట్టలేదు. వారం తిరిగేసరికి బంతి దెబ్బలకు పెళ్ళ ఊడి గూడు మళ్ళీ నోరు తెరిచేది. చివరికి దొరలే విసిగి నిబంధన రాసుకున్నారు. ఎదురు గోడకు తగిలిన బంతి తిరిగి వచ్చి గూట్లో పడి ఉండిపోతే, కొట్టినవాడు గెలిచినట్టు. అచ్చువేయించి తలుపు పక్కన అంటించారు.

గూట్లో బంతి వేయడం దొరలకు ఏడాదికొకసారి పొరపాటున జరిగేది. మార్కరు మాత్రం పదికి ఏడుసార్లు వేసేవాడు. కోర్టు వెనుక కుడి మూల నుంచి మణికట్టుతో ఒక్క విసురు. బంతి ఎదురు గోడను ముద్దుపెట్టుకుని, ఏటవాలుగా తేలివచ్చి, పొద్దుగూకి ఇంటికి చేరిన పిట్టలాగా గూట్లో దూరేది. ఆయన అటు చూసేవాడే కాదు. వెనక్కి తిరిగి, మంచినీళ్ళ కుండ దగ్గరికి నడిచేవాడు. గూట్లో బంతి పడిన చప్పుడు వినిపించేసరికి చెంబు నోటి దగ్గర ఉండేది.

ఈ అలవాటే ఆయన్ను లండన్‌లో ముంచింది.

సెలవు మీద ఇంటికి పోతున్న ఒక దొర ఆయన్ను వెంట తీసుకుని ఓడ ఎక్కాడు. అక్కడ మార్కర్లకు మార్కర్లకు పోటీలు పెడతారట. మావాడు రెండు ఆటలు గెలిచాడు. మూడోది ఒక బక్క తెల్లమార్కరుతో. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గ్యాలరీ మెట్ల మీద కూర్చుని, నా రిజిస్టరును నిలబెట్టి అది గోడ అనేవాడు. తన పొడుండబ్బీ తాను. నా సిరాబుడ్డి ఆ తెల్లమార్కరు. కథ చివరికి వచ్చేసరికి ప్రతిసారీ తెల్లమార్కరు ఒలికేవాడు.

"ఇంగొక్క పాయింటప్పా. ఒక్కటి కొడితే ఆట నాది. బంతి కుడి మూలకు వచ్చె. నేను కొడితి. అట్లా ఇట్లా కాదు, ఎన్నెలలాగా పాయె. నేను తిరుక్కోని నీళ్ళకాడికి పోతి."

"అప్పుడు?"

"నీళ్ళు తాగితి. శానా సల్లంగుండె. అంతలో జనమంతా చప్పట్లు. నాకే అనుకోని దండం పెడితి. చూస్తే ఆ గోడకు గూడు ల్యాదప్పా! బంతి తగిలి నడిమధ్యకు పడె. ఆయప్ప నింపాదిగా కొట్టుకునె. వంతు ఆయప్పకు పాయె, ఆమీట ఆటే పాయె."

"గూడు లేదని ముందే తెలియదా? రెండు ఆటలు ఆడితివి కదా?"

"తెలుసు. చేతికి తెలియలే."

అని, ఒలికిన సిరాను నా రిజిస్టరు అట్టకే తుడిచి, ఎప్పుడూ చివర్న ఒకే మాట అనేవాడు. "గెలిచినానప్పా. గోడే ఒప్పుకోలే."

తిరిగి వచ్చాక లండన్ కోటు ఒకటి వేసుకుని తిరిగాడు. మే నెలలో కూడా. తాను నాలుగు రాజ్యాల ఆటగాడినని చెప్పుకునేవాడు. కర్నూలు, లండన్ సరే, మిగతా రెండు ఏవని అడిగాను. ఒకటి నిజాం రాజ్యమట. ఏరు దాటే పుట్టి కోసం కాచుకుంటూ అలంపురం గట్టున సుంకం నాకా గోడకు బంతి కొట్టాడట. అక్కడి జవాను లాఠీతో ఎదురాడాడట. రెండోది బనగానపల్లె సంస్థానం. అక్కడ మామిడితోట ప్రహరీకి తోటమాలితో ఆడి గంపెడు పండ్లు గెలిచాడట.

నేను ఊరుకోలేదు. "లండన్‌కూ కర్నూలుకూ ఒకడే రాజు. నువ్వు సముద్రాలు దాటినా రాజ్యం దాటలేదు. నీ పరదేశపు ఆటంతా ఆ జవానూ ఆ తోటమాలే" అన్నాను. ఆయన తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజు పొద్దున్నే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"రైటరప్పా, నువ్వు చెప్పింది నిజం. లండన్ పరదేశం కాదు. అంటే నేను ఓడింది సొంత రాజ్యంలోనే. పరదేశంలో నన్ను ఓడించిన మొగోడు ఇంతదాకా పుట్టలే." అని నా వీపు చరిచి వెళ్ళాడు. నా వాదనను నా మీదికే తిప్పాడు. అది కూడా నేను మరచిపోలేదు.

ఇక అసలు సంగతి.

దొరలు జమాబందీకి వెళ్ళిన రోజుల్లో కోర్టు ఖాళీగా ఉండేది. ఆయనకు చెయ్యి ఊరుకునేది కాదు, నన్ను లాక్కుపోయేవాడు. నేను అస్సలు నిలవలేనని తెలిసి ఒక ఏర్పాటు చేశాడు. "నీకు ఎనిమిది, నాకు సున్న. బంతి నువ్వే మొదలుపెట్టు. ఒక్క పాయింటు కొట్టు, ఆట నీది" అన్నాడు. ఒక్క పాయింటు! నేను సంబరపడ్డాను. మొదటి ఏడు ఆ ఒక్కటీ రాలేదు. రెండో ఏడు రాలేదు. పదేళ్ళు రాలేదు. నేను బంతి వేస్తాను, ఆయన కొడతాడు, వంతు పోతుంది, తొమ్మిది పాయింట్లు ఆయన పొడుం పీల్చే వ్యవధిలో కొట్టుకుంటాడు.

పైగా ఈ మనిషి ఎవరికి ఓడిపోలేదు? దొరలందరికీ ఓడిపోయాడు. దొరసానులకు ఓడిపోయాడు. మోకాలి నొప్పితో కర్రపట్టుకుని నడిచే పాదిరీకి ఓడిపోయాడు. ఓడిపోవడంలో ఆయనంత పనిమంతుడు లేడు. సరిగ్గా రెండు పాయింట్ల తేడాతో, చెమటలు కక్కుతూ ఓడేవాడు. "దొరకు ఓడేది శానా కష్టమప్పా" అనేవాడు. "బంతి యాడ కొడతాడో దొరకే తెలియదు. నేను ముందే కనిపెట్టి ఆడికి పోకుండా ఉండల్ల."

ఒకరోజు కడుపు మండి అడిగేశాను. "పాదిరీకి తొమ్మిది ఇచ్చినావు. నాకు ఒక్కటి ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

ఆయన బ్యాటును కోటు అంచుతో తుడుస్తూ అన్నాడు. "వాళ్ళకిచ్చేది ఉద్యోగమప్పా. నీతో ఆడేది ఆట."

అప్పుడు ఆ మాట నాకు వెక్కిరింపులాగే తోచింది. ఇంటికి పోయి అన్నం తినలేదు.

ఆట ఆడుతున్నప్పుడు కూడా ఆయన మార్కరు పని మానేవాడు కాదు. ఆయనకు రెండు గొంతులు ఉండేవి. ఆటగాడి గొంతుతో నన్ను ఎగతాళి చేసేవాడు. వెంటనే ఛాతీ విరిచి, దొరలకు వినిపించే పెద్ద గొంతుతో, ఖాళీ గ్యాలరీ వైపు చూసి, "ఎయిట్ లవ్!" అని, అంటే ఎనిమిది సున్న అని, అరిచేవాడు. కోర్టులో ఉన్నది మేమిద్దరమే. నాకు చెప్పేవాడు కాదు, గోడలకు చెప్పేవాడు.

కోర్టుకు పైకప్పు లేదు. ఏటా వానలకు ముందు గూట్లో ఒక పిచ్చుక కాపురం పెట్టేది. అప్పుడు మార్కరు తన సొంత నిబంధన తెచ్చాడు. పిచ్చుక గూట్లో ఉన్నన్నాళ్ళూ గూటి పాయింటు చెల్లదు. బంతి అందులో పడితే లెట్, అంటే ఆ పాయింటు మళ్ళీ ఆడాలి. అందరికీ తెలియడానికి తలుపు మేకుకు ఒక దారం కట్టేవాడు. ఎర్రదారం ఉంటే పిచ్చుక ఉన్నట్టు. తెల్లదారం ఉంటే గూడు ఖాళీ, పాయింటు చెల్లుతుంది. రెండూ వాళ్ళింటి నూలే. ఆ దారం ఏమిటని ఒక కొత్త దొర అడిగితే బట్లరు ఏదో పూజ అని చెప్పాడు. ఆ దొర ఆ తర్వాత టోపీ తీయకుండా ఆ తలుపు దాటలేదు.

ఎర్రదారం గురించి ఆయన గొప్పలు వినలేకపోయేవాళ్ళం. అది వాళ్ళ నాయన చేతి అద్దకమట. "మా నాయన ఎరుపు ఎండకు వెలవదు, వానకు వెలవదు. మనిషి పోయినా రంగు పోదు" అనేవాడు. ఒకసారి చాకలి, తువ్వాలు అంచు రంగు దిగిందని పొరపాటున అన్నాడు. మార్కరు ఆ తువ్వాలును రోజంతా నీళ్ళ తొట్టిలో నానబెట్టి, ఆ నీళ్ళను గాజు గ్లాసులో పట్టి, క్లబ్బులో ప్రతి ఒక్కరికీ చూపించి, చివరికి చాకలి ముందే తాగేశాడు.

పదకొండో ఏడు, వానలకు ముందు ఒక పొద్దున ఆడాం. ఎనిమిది సున్న. బంతి నాది. మొదలుపెట్టాను. ఆయన తిప్పాడు. నేను కొట్టాను. ఆయన కొట్టాడు. బంతి వెనుక కుడి మూలకు పోయింది. నేను పరుగెత్తి, మణికట్టుతో విసిరాను. బంతి ఎదురు గోడకు తగిలి, ఏటవాలుగా లేచి, తేలుతూ వచ్చి గూట్లో పడింది. పడి ఉండిపోయింది.

ఆయన గుంటలో అట్లాగే కూర్చుని గూటి వైపు చూశాడు. మొదటిసారి చూశాడు. తర్వాత ఆటగాడి గొంతు, చాలా మెల్లగా, "బలే కొడితివప్పా" అంది.

ఆ మాట నేను విన్నాను. ఇది రాసిపెట్టుకోండి. ఆటగాడు ఒప్పుకున్నాడు.

తర్వాత లేచి నిలబడి, ఛాతీ విరిచి, మార్కరు గొంతుతో అరిచాడు. "లెట్!"

"ఎట్లా లెట్?" అన్నాను.

"పిచ్చుక ఉండాదప్పా."

"పిల్లలు నిన్ననే ఎగిరిపోయినాయి. నేను చూసినా."

"నువ్వు కండ్లు మూసుకోని కొడితివి. నువ్వేం చూస్తావు?"

"కంట్లో చెమట పడె, మూసుకుంటి. గురి చేతిలో ఉంటుందని చెప్పింది నువ్వే."

నిచ్చెన తెప్పించాం. గూట్లో బంతి ఉంది, గడ్డి ఉంది, రెండు ఈకలు ఉన్నాయి. పిచ్చుక లేదు. "మేతకు పోయిండాది" అన్నాడు ఆయన. "కాపురం ఎత్తేసింది" అన్నాను నేను. అప్పుడు ఆయన నన్ను చెయ్యిపట్టుకుని తలుపు దగ్గరికి తీసుకుపోయాడు. "దారం చూడప్పా. ఎర్రదారం. నేనే కట్టినా, ఇంగా మార్చలే."

చూశాను. మేకుకు వేలాడుతున్నది తెల్లదారం.

"ఇది తెలుపు" అన్నాను.

"ఎరుపే. రెండు నెల్లాయ కట్టి. ఎండకు వెలి..."

అక్కడ ఆగిపోయాడు. పక్కనే నీళ్ళ కుండ ఉంది, దాని మీద గాజు గ్లాసు బోర్లించి ఉంది. ఆ గ్లాసును చూశాను, ఆయన్ను చూశాను.

దారం ఎరుపైతే ఆయన చెప్పిన లెట్ సరైనది, కానీ వాళ్ళ నాయన రంగు వెలిసినట్టు. తెలుపైతే రంగుకు మచ్చ లేదు, కానీ పాయింటు నాది. ఆయన ముడి విప్పి, దారాన్ని మడిచి, లండన్ కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"చూస్తాం లేప్పా" అన్నాడు.

ఆ చూస్తాం పద్దెనిమిదేళ్ళు నడిచింది. ఆ రోజు తర్వాత మేము మళ్ళీ ఆడలేదు. ముందు ఈ పాయింటు తేలితేనే అన్నాను నేను. సరే అన్నాడు ఆయన. రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. గెలిచానని ఒక్క గీత గీసుకుంటే అడిగేవాడు లేడు. గీయలేదు. ఫలితం కింద మార్కరు సంతకం ఉండాలి, ఆయన పెట్టలేదు. ప్రతి సోమవారం రిజిస్టరు తీసుకుపోయి ఆయన ముందు పెట్టేవాణ్ణి. ఆయన పొడుం పీల్చి, ఆ పేజీని చదివినట్టు చాలాసేపు చూసి, "తొందరేముందప్పా" అని, టీ తెప్పించేవాడు. టీ తాగి వచ్చేవాణ్ణి. పై సోమవారం మళ్ళీ పోయేవాణ్ణి.

క్లబ్బు కార్యదర్శులకూ రాశాను. ఒక దొర, పిచ్చుకల సంగతి అడవి శాఖను అడగమని జవాబిచ్చాడు. ఇంకొక దొర స్వయంగా వచ్చి, గూడు చూసి, నిచ్చెన తెమ్మన్నాడు. నిచ్చెన వచ్చేలోపల ఆయనకు బదిలీ వచ్చింది. మిగతావాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఇప్పుడు దొరలు పోయారు. క్లబ్బు మనవాళ్ళ చేతికి వచ్చింది. కోర్టులో విరిగిన కుర్చీలు పడేశారు. కొత్త కార్యదర్శి గారికి మూడు ఉత్తరాలు రాశాను. స్వరాజ్యం వచ్చింది, జవాబు రాలేదు.

మార్కరు పోయిన పదకొండో రోజు దాటాక వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళింటామె నన్ను చూసి లోపలికి పోయి, ఒక కాగితం పొట్లం తెచ్చింది.

"రైటరన్నా, ఇది నీకియ్యమన్యాడు. తొందరేమీ ల్యాదని చెప్పమన్యాడు."

విప్పి చూశాను. అదే దారం. ఇప్పుడది ఎరుపూ కాదు, తెలుపూ కాదు. పాత కాగితం రంగు.

"ఇంక దీన్ని చూసి ఎవరు చెప్పగలరమ్మా?" అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. నేతవాళ్ళు గుమాస్తాలను అట్లాగే చూస్తారు. "పురి విప్పితే తెలుస్తాది కదన్నా. ఎండ తగిలేది పైన. పురి లోపల రంగు యాడికి పోతాది?"

పద్దెనిమిదేళ్ళు! నూలు మధ్య పుట్టిన మనిషికి ఈ సంగతి తెలియదా? ఏ సోమవారమైనా, నా ముందే, రెండు వేళ్ళతో విప్పి చూపించి ఉండవచ్చు కదా!

"ఆయప్ప చూసినాడా?" అని అడిగాను.

"ఓ, శానా ఏండ్ల కిందట. ఆ రోజే అనుకుంటా. ఎండలో కూచ్చోని పురి విప్పి చూసినాడు. చూసి ఒకడే నగుకున్యాడు. మళ్ళా మెలేసి కోట్లో పెట్టుకున్యాడు."

"ఎరుపుండెనా, తెలుపుండెనా?"

"నేనడగలేదన్నా. మీ ఇద్దరి యవ్వారం." అని, మళ్ళీ అంది, "నేనొకసారి అంటి, చెప్పరాదా ఆ యప్పకు అని. చెప్తే ఇంగ సోమవారం రాడు కదా అన్యాడు."

ఇది కూడా నేను మరచిపోయే సంగతి కాదు.

కార్యదర్శి గారికి, ఇది నా నాలుగో విన్నపం. దారం నా దగ్గర ఉంది. పురి విప్పలేదు. నేను ఫిర్యాదీని కాబట్టి సాక్ష్యాన్ని ఒంటరిగా విప్పితే రేపు మీరే తప్పు పడతారు. ఒక రోజు నిర్ణయించండి. కుర్చీలు బయట పెట్టించి, కోర్టు ఊడ్పించి, పట్టపగలు, ఇద్దరు పెద్దమనుషుల ముందు మీ చేతులతో విప్పండి.

లోపల తెలుపు ఉంటే పాయింటు నాది. రిజిస్టరు తెస్తాను, సంతకం పెట్టండి.

లోపల ఎరుపు ఉంటే ఆయన చెప్పిన లెట్ సరైనది. నేను తల వంచి ఒప్పుకుంటాను, రాసి ఇమ్మన్నా ఇస్తాను. కానీ లెట్ అంటే ఆ పాయింటు మళ్ళీ ఆడాలి. అది మార్కరు సొంతంగా కల్పించింది కాదు, ఆటలో మొదటి నుంచీ ఉన్నది. స్కోరు ఎనిమిది సున్న. బంతి నాది. బ్యాటు నేను తెచ్చుకుంటాను.

ఎవరితో ఆడాలో దానికి మీరు జవాబు చెప్పండి.